విశాఖలో పిల్లల మానసిక ఆరోగ్యం, బాలల న్యాయం మీద రీసెర్చ్ ఇంటర్న్‌షిప్: మొదటి లెటర్ నుంచి చివరి రిపోర్టు దాకా

ఏటా వేసవి సెలవులు దగ్గర పడేసరికి నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. పంపేది సైకాలజీ, సోషల్ వర్క్, లా చదివే పిల్లలు. "మేడమ్, జువైనల్ హోమ్‌లో పిల్లల్ని ఇంటర్వ్యూ చేసి రిపోర్టు రాయాలి. నెల రోజుల్లో అయిపోతుందా?" అని అడుగుతారు. అవదు. అవకూడదు కూడా. కానీ ఆ నెలా రెండు నెలల్లో మన విశాఖలోనే ఉండి చేయగలిగిన మంచి పని చాలా ఉంది. అది ఎలా మొదలుపెట్టాలో, ఎవరిని అడగాలో, ఎక్కడ ఆగాలో నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. పిల్లల దగ్గరికి వెళ్ళడం ఈ పనిలో మొదటి మెట్టు కాదు, చివరి మెట్టు. చాలామందికి ఇంటర్న్‌షిప్ అంతా ఆ మెట్టు ఎక్కకుండానే ముగుస్తుంది. అందులో లోటేమీ లేదు.

మొదటి వారం: మాటలు, చట్టం

"బాల నేరస్థుడు" అన్న మాట పేపర్లలో రోజూ కనిపిస్తుంది. మీరు మాత్రం ఈ రోజుతో మానేయండి. చట్టం వాడే మాట వేరు: చట్టంతో ఘర్షణ పడిన బాలలు. 18 ఏళ్ళు నిండేదాకా ఏ పిల్లవాడికైనా దురుద్దేశం గానీ, నేరం చేయాలన్న ఉద్దేశం గానీ లేదనే అనుకోవాలని చట్టమే చెబుతోంది. లెటర్‌లో ఈ ఒక్క మాట తప్పు రాసినా, చదివే అధికారికి మీరు ఎంత తయారై వచ్చారో అర్థమైపోతుంది.

చదవాల్సింది 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది, 2021లో సవరించారు. దాంతో పాటు, ఆ చట్టం అమలుకు కేంద్రం ఇచ్చిన 2016 మోడల్ రూల్స్ కూడా చదవాలి. మొత్తం బట్టీ పట్టక్కర్లేదు. ముందు రెండు దారులు విడదీసి చూడటం నేర్చుకోండి. ఇల్లు వదిలి రైలెక్కి విశాఖ స్టేషన్‌లో దిగిన పిల్ల, ఎవరూ లేని పిల్ల, వేధింపులకు గురైన పిల్ల చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందుకు వస్తారు. ఏదో కేసులో పట్టుబడిన పిల్లవాడు 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు రావాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. పిల్లవాణ్ణి పోలీస్ లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు.

నేరాలు మూడు రకాలు: చిన్నవి, తీవ్రమైనవి, అతి తీవ్రమైనవి. కనీస శిక్ష ఏడేళ్ళు, ఆపైన ఉంటే అతి తీవ్రం. అలాంటి కేసులో పిల్లవాడికి 16 దాటి ఉంటే, 15వ సెక్షన్ ప్రకారం బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది. ఆ పని చేయగల మానసిక, శారీరక శక్తి అతనికి ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితుల్లో జరిగింది అన్నవి చూస్తుంది. ఆ అంచనా మీదే అతన్ని పెద్దవాడిలా విచారించాలా వద్దా అన్నది తేలుతుంది.

ఇదంతా ఎక్కడో ఢిల్లీ సంగతి అనుకోకండి. మన ఏజెన్సీ నుంచి గంజాయి దిగే దారిలో మూటలు మోయించేది చాలాసార్లు పదహారు, పదిహేడేళ్ళ కుర్రాళ్ళతోనే. గంజాయి 20 కిలోలు దాటితే మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో కనీస శిక్ష పదేళ్ళు. అంటే కూలి డబ్బుల కోసం బ్యాగు పట్టుకున్న కుర్రాడు నేరుగా అతి తీవ్రమైన కేసుల వరసలోకి వచ్చేస్తాడు. మానసిక ఆరోగ్యమూ చట్టమూ కలిసేది సరిగ్గా ఇక్కడ. బోర్డులో మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు లేకపోతే నిపుణుల సాయం తప్పకుండా తీసుకోవాలని 2022 జూలైలో బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఒక్కటి పూర్తిగా చదవండి. వారం పట్టినా పరవాలేదు.

ప్రశ్నను చిన్నది చేసుకోవడం

ఎక్కువ ఇంటర్న్‌షిప్‌లు పాడయ్యేది ఇక్కడే. "విశాఖలో బాలల నేరాలకు కారణాలు" అని మొదలుపెడతారు. ఎనిమిది వారాల్లో దానికి జవాబు ఎవరూ చెప్పలేరు. చెప్పినట్టు రాస్తే అది ఊహే.

మీరు పిల్లల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చేయగలిగిన పనులు చూడండి. గాజువాకలో పదిహేనేళ్ళ కుర్రాడు మత్తు కోసం సొల్యూషన్ (అతికించే జిగురు) పీలుస్తున్నాడని తల్లికి తెలిసిందనుకోండి. ఆమె ఎక్కడికి తీసుకెళ్ళాలి? కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో ఏ ఓపీకి? చినవాల్తేరు మానసిక వైద్యశాలకా? డీ-ఎడిక్షన్ సెంటర్లలో 18 లోపు వాళ్ళను చేర్చుకునేవి ఎన్ని? ఏ రోజుల్లో, ఏ వేళల్లో? రెండు బస్సులు మారాలా? ఆమె ఆ రోజు కూలి పోగొట్టుకోవాలా? ఇవన్నీ తిరిగి, అడిగి, రాసుకుని ఒక పటంగా వేయడం ఒక ఇంటర్న్ చేయగలిగిన పని. ఊరికి పనికొచ్చే పని కూడా. నా దగ్గర పనిచేసిన ఒక అమ్మాయి ఇలాంటిదే చేసింది. ఆమె గీసిన పటం ఇప్పటికీ మా గోడ మీద ఉంది.

అలాగే పిల్లవాడి ఇల్లు, పరిస్థితుల గురించి ప్రొబేషన్ ఆఫీసర్ రెండు వారాల్లో బోర్డుకు ఇవ్వాల్సిన సామాజిక పరిశోధన నివేదికకు మోడల్ రూల్స్‌లో ఫారం 6 ఉంది. ఖాళీ ఫారం ఎవరైనా తీసి చూడొచ్చు. అందులో పిల్లవాడి మానసిక స్థితి గురించి, మత్తు అలవాట్ల గురించి ఏం అడుగుతున్నారు, ఏం అడగట్లేదు? లా విద్యార్థులైతే 15వ సెక్షన్ మీద హైకోర్టు తీర్పులు వరసపెట్టి చదివి, 2022 తర్వాత నిపుణుల మాట ఎంత వినపడుతోందో చూడొచ్చు. టీచర్లను, కౌన్సెలర్లను, పారా లీగల్ వాలంటీర్లను ఇంటర్వ్యూ చేయొచ్చు. వాళ్ళు పెద్దవాళ్ళు, తమ సమ్మతి తామే ఇవ్వగలరు.

అంకెల విషయంలో జాగ్రత్త. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. ఈ అంకెను మనవాళ్ళు తెగ వాడతారు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ సంగతి రాయకుండా అంకె వాడటం చదివేవాళ్ళను తప్పుదారి పట్టించడమే. 2019లో వెలువడిన జాతీయ మత్తు పదార్థాల సర్వేలో ఇంకో అంకె ఉంది. పీల్చే మత్తు పెద్దవాళ్ళలో 0.58 శాతం ఉంటే, పిల్లల్లో 1.17 శాతం. పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే. వైట్‌నర్, సొల్యూషన్ అమ్మే కొట్టు ప్రతి వీధిలో ఉంటుంది కాబట్టి ఈ అంకె నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది.

ఇక దేశమంతా నేరాల లెక్కలు ప్రచురించే ఎన్‌సీఆర్‌బీ. "క్రైమ్ ఇన్ ఇండియా"లో బాలల మీద విడిగా ఒక అధ్యాయం ఉంది. కానీ మోడల్ రూల్స్ 8వ నియమం ప్రకారం, అతి తీవ్రమైన కేసు అయితేనో, పెద్దవాళ్ళతో కలిసి చేసినది అయితేనో తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. మిగతావి జనరల్ డైరీలో రాయాలి. కాబట్టి ఒక జిల్లాలో అంకె పెరిగిందంటే నేరాలు పెరిగాయని అర్థం కానక్కర్లేదు, పోలీసులు రాసే పద్ధతి మారి ఉండొచ్చు. ఈ వివేచన మీ రిపోర్టులో ఒక పేరా ఉన్నా అది పదిమంది రాసినదాని కంటే మెరుగు.

ఎవరిని అడగాలి

విశాఖలో తలుపులు తక్కువేం లేవు. ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, సోషల్ వర్క్ విభాగాలు, అంబేడ్కర్ లా కాలేజీ ఉన్నాయి. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది. వైద్యం వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఆంధ్ర మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగం. ప్రభుత్వం వైపు జిల్లా బాలల సంరక్షణ యూనిట్, అందరూ డీసీపీయూ అంటారు. కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య కింద పనిచేసేది అదే. లా విద్యార్థులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మంచి చోటు. పిల్లలకు ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఇచ్చేది 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం, ఇక్కడ అది రోజూ అమలవుతుండగా చూడొచ్చు.

ఊరు దాటగలిగితే బెంగళూరు నిమ్‌హాన్స్‌లోని సంవాద్ ఉంది. కష్టాల్లో ఉన్న పిల్లల మానసిక ఆరోగ్యం కోసమే పనిచేస్తుంది. ఆన్‌లైన్ శిక్షణలు కూడా ఇస్తుంది కాబట్టి ఇంటి నుంచే మొదలుపెట్టొచ్చు. ఢిల్లీలో బాలల హక్కుల కమిషన్ కూడా ఇంటర్న్‌లను తీసుకుంటుంది.

నా సలహా అడిగితే, ముందు ఒక గైడ్‌ను వెతుక్కోండి, సంస్థను తర్వాత. ఇప్పటికే అనుమతులు వచ్చి నడుస్తున్న ప్రాజెక్టు ఉన్న అధ్యాపకురాలి దగ్గర చేరితే, మీ ఎనిమిది వారాలూ పనికొస్తాయి. కొత్త ప్రాజెక్టు పెట్టుకుంటే అవన్నీ అనుమతుల కోసం ఎదురుచూడటానికే సరిపోతాయి.

డబ్బు సంగతి దాచను. ఇక్కడ ఎక్కువ చోట్ల స్టైపెండ్ ఉండదు. బస్సు ఖర్చులైనా ఇస్తారా అని మొదటే అడగండి, అడగడంలో తప్పు లేదు.

లెటర్ రాయడం

ఒక పేజీ దాటకూడదు. "పిల్లలకు సేవ చేయాలన్నది నా చిన్ననాటి కోరిక" అని మొదలయ్యే లెటర్లు నా దగ్గర కట్టలుగా ఉన్నాయి. కోరిక నిజమే కావచ్చు. కానీ అధికారికి కావాల్సింది మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వస్తారు, ఏం చూస్తారు, ఏం చూడరు అన్నది. ఇలా రాయండి:

"నేను ఎంఎస్‌డబ్ల్యూ రెండో సంవత్సరం విద్యార్థిని. మే 5 నుంచి జూన్ 30 వరకు, వారానికి నాలుగు రోజులు పని చేయగలను. మత్తుకు అలవాటు పడిన 18 ఏళ్ళలోపు పిల్లలకు నగరంలో ఉన్న చికిత్సా సేవల జాబితా తయారు చేయాలని నా ఆలోచన. పిల్లలను కలవను, వారి ఫైళ్ళు అడగను. మీ కార్యాలయ సిబ్బందిలో ఇద్దరితో అరగంట చొప్పున మాట్లాడే అవకాశం కోరుతున్నాను."

"కలవను, అడగను" అన్న ఆ వాక్యమే తలుపు తీయిస్తుంది. కింద గైడ్ సంతకం, కాలేజీ లెటర్ జత చేయండి. మెయిల్ పంపి ఊరుకోకండి. మహారాణిపేటలో కలెక్టరేట్ చుట్టుపక్కల ఆఫీసులకు ఒక కాపీ పట్టుకుని స్వయంగా వెళ్ళి, ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని, ఆ నంబర్ రాసుకోండి. వారం తర్వాత ఆ నంబర్ చెప్పి అడిగితే ఫైలు కదులుతుంది.

అనుమతులు: సంతకం ఒకటి కాదు

హోమ్ సూపరింటెండెంట్ గారు మంచివారే కావచ్చు, "రండమ్మా" అనొచ్చు. అది అనుమతి కాదు. అబ్జర్వేషన్ హోమ్‌లో, అంటే కేసు విచారణలో ఉన్న పిల్లల్ని ఉంచే చోట, రీసెర్చ్ చేయాలంటే పైనున్న శాఖ నుంచి రాతపూర్వక ఉత్తర్వు కావాలి, బోర్డుకు తెలియాలి. దాంతో పాటు, పరిశోధన వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే మీ సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం వేరేగా ఉండాలి. బహిరంగంగా దొరికే అంకెలు, తీర్పుల మీద పనికి పూర్తి సమీక్ష నుంచి మినహాయింపు రావచ్చు. కానీ మినహాయింపు అని తేల్చాల్సింది కమిటీయే, మీరు కాదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల మీద పరిశోధనకు తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుదల కూడా కావాలి. 7 నుంచి 12 ఏళ్ళ వాళ్ళయితే నోటిమాటగా, 12 దాటితే రాతలో. హోమ్‌లో ఉన్న పిల్లవాడు "వద్దు" అనగలడా? అన్నా తనకేం కాదని నమ్మగలడా? ఈ ప్రశ్నకు మనస్ఫూర్తిగా "అవును" అనలేకపోతే ఆ ఇంటర్వ్యూ చేయకండి. సంతకం ఉన్నా సరే.

తెలుగులో అడగడం

మీ గైడ్ ప్రాజెక్టులో ప్రశ్నావళి ఉంటే, అది చాలావరకు ఇంగ్లిష్‌లో పుట్టినదే. పిల్లల మానసిక స్థితిని అంచనా వేయడానికి వాడే ఎస్‌డీక్యూలో 25 వాక్యాలు, మేసీ-2లో 52 ప్రశ్నలు. ఇలాంటివి ఎవరికి వారు అనువదించి వాడటానికి లేదు, హక్కుదారుల అనుమతి కావాలి. అనుమతి ఉన్నా అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది.

ఒకసారి మా బృందం "విశ్రాంతి లేకుండా ఉంటావా?" అని అడిగింది. స్థిమితం లేకపోవడం గురించి అడుగుతున్నామనుకున్నాం. హార్బర్‌లో పనిచేసే కుర్రాడు "అవునండి, తెల్లారగట్ల మూడింటి నుంచి పనే" అన్నాడు. అతని కాగితం మీద ఒక లక్షణం టిక్ అయిపోయింది. "కుదురుగా కూర్చోలేకపోతుంటావా?" అని ఉండాల్సింది. అప్పటి నుంచి తెలుగు చేసిన ప్రతి ప్రశ్నను, ఇంగ్లిష్ చూడని ఇంకొకరితో తిరిగి ఇంగ్లిష్ చేయించి పోల్చుకుంటాం. ఆ తర్వాత మన ఉత్తరాంధ్ర ఊళ్ళ నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళకు చదివి వినిపిస్తాం. "మానసిక ఒత్తిడి" అంటే మొహం తెల్లగా పెట్టినవాళ్ళు "బెంగ" అనగానే, "టెన్షన్" అనగానే మాట్లాడతారు. దిగులు, బెంగ, చిరాకు, గాబరా ఒకటి కావు. ఏది ఎప్పుడు వస్తుందో పిల్లలే మనకు నేర్పాలి.

ఇంకో మాట: "కౌన్సెలింగ్". మీకది సాయం. స్టేషన్‌కి పిలిపించి, నిలబెట్టి తిట్టి పంపడాన్ని కూడా ఊళ్ళో "పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చారు" అంటారు. ఆ మాట వినగానే పిల్లవాడు బిగుసుకుపోతే ఆశ్చర్యం లేదు. నేను "కాసేపు మాట్లాడుకుందామా" అంటాను.

నోట్‌బుక్

ఇది నా తప్పు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. ఇంటర్న్‌గా ఉన్న రోజుల్లో పిల్లల పేర్లు రాయకూడదని నాకు తెలుసు. రాయలేదు కూడా. కానీ వీధి పేరు, తండ్రి చేసే పని, బడి మానేసిన తరగతి రాసుకున్నాను. ఆ నోట్‌బుక్ షేర్ ఆటోలో మర్చిపోయాను. ఆటో డ్రైవర్ మర్నాడు తెచ్చి ఇచ్చాడు, ఇస్తూ "ఈ గుంటడు మా వీధోడేనమ్మా" అన్నాడు. నా కాళ్ళలో సత్తువ పోయింది. పేరు లేకుండానే గుర్తుపట్టేశాడు.

జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్పేది ఇదే. పేరు, చిరునామా, బడి మాత్రమే కాదు, పిల్లల్ని గుర్తుపట్టగలిగే ఏ వివరమైనా బయటపెట్టకూడదు. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నాకు శిక్ష భయం కంటే, ఆ పిల్లవాడి ఇంటి గుమ్మం ముందు ఎవరేం మాట్లాడుకుంటారో అన్న భయమే ఎక్కువ పట్టుకుంది. అందుకే ఇప్పుడు మా దగ్గర పద్ధతి ఇది: వయసుకు బదులు వయసు వర్గం, వీధికి బదులు "నగరం", "పల్లె", తండ్రి పనికి బదులు "రోజు కూలి". కోడ్ నంబర్లకు అసలు పేర్లు కలిపే జాబితా గైడ్ బీరువాలోనే ఉంటుంది. ఇంటర్న్ చేతికి రాదు. ఫోటోలు లేవు, ఫోన్‌లో రికార్డింగ్ లేదు, వాట్సాప్‌లో ఫైళ్ళు పంపడం లేదు.

పిల్లలు నోరు విప్పితే

మీరు పిల్లల్ని కలవాల్సిన ప్రాజెక్టులో ఉన్నారనుకుందాం. పక్కన శిక్షణ ఉన్నవారు ఉండి తీరాలి. మాట మొదలుకాక ముందే మీ హద్దు చెప్పండి: "నువ్వు చెప్పింది నాలోనే ఉంచుకుంటాను. కానీ నిన్ను ఎవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే, నువ్వు నిన్ను గాయపరచుకుంటావేమో అనిపిస్తే, పక్కనున్న ఈ అక్కకి చెప్పాల్సి వస్తుంది." "ఎవ్వరికీ చెప్పను" అని ఒట్టు పెట్టకండి. నిలబెట్టుకోలేరు.

లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ఈ చట్టంలో 18 లోపు అందరూ పిల్లలే కాబట్టి, ఇద్దరు టీనేజర్ల ప్రేమ వ్యవహారం కూడా దీని కిందకి రావచ్చు. పరిశోధనకు అవసరం లేకపోతే ఆ వైపు ప్రశ్నలు అడగకపోవడమే పిల్లలకు మేలని నా గట్టి అభిప్రాయం. కేసు గురించి కూడా అడగకండి. "ఏం చేశావు" అన్నది మీ ప్రశ్న కాదు, బోర్డుది.

విన్నాక మీరు దర్యాప్తు మొదలుపెట్టకండి. వినండి, అదే మాటల్లో రాసుకోండి, అదే రోజు గైడ్‌కు చెప్పండి. 1098, 14416 నంబర్లు కంఠతా ఉండాలి. మొదటిది పిల్లల హెల్ప్‌లైన్, రెండోది మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్.

మీ మనసు సంగతి

రాత్రి నిద్ర పట్టకపోవడం, ఇంట్లో తమ్ముడు ఆలస్యంగా వస్తే గాబరా పడటం, అన్నం దగ్గర ఏదో గుర్తొచ్చి లేచిపోవడం, ఇవి నాకు జరిగాయి. బలహీనత కాదు. వారానికి ఒక గంట గైడ్‌తో కూర్చుని డేటా గురించి కాక మీ గురించి మాట్లాడే ఏర్పాటు చేరిన రోజే అడిగి పెట్టించుకోండి. 14416 మీక్కూడా పనిచేస్తుంది.

రిపోర్టు, తిరిగి ఇవ్వడం

కాలేజీకి ఇచ్చే రిపోర్టు మీ అధ్యాపకుల పద్ధతిలో రాయండి. దాంతో పాటు తెలుగులో ఒక పేజీ వేరుగా తయారుచేసి, మీకు టైమ్ ఇచ్చిన ఆఫీసులకు పట్టుకెళ్ళండి. వివరాలు తీసుకుని వెళ్ళిపోయి మళ్ళీ కనపడని విద్యార్థుల్ని చూసి చూసి ఆ సిబ్బంది విసిగిపోయి ఉన్నారు. మీ తర్వాత వచ్చే ఇంటర్న్‌కి ఆ తలుపు తెరుచుకోవాలంటే ఈ ఒక్క పేజీ కావాలి. తేలనిది తేలలేదనే రాయండి. ఇద్దరు కౌన్సెలర్లతో మాట్లాడి "విశాఖ కౌన్సెలర్ల అభిప్రాయం" అని రాయకండి.

చివరి రోజు గైడ్ పక్కన కూర్చుని మీ దగ్గరున్న ప్రతి కాగితం, ప్రతి ఫైలు జాబితా వేయండి. ఉంచాల్సినవి ఆమెకు అప్పగించండి. మిగతావి చింపండి, డిలీట్ చేయండి. ఫోన్ గ్యాలరీ, ట్రాష్, మెయిల్‌లో పంపిన ఫోల్డర్, క్లౌడ్ బ్యాకప్ కూడా తెరిచి చూడండి. అంతా అయ్యాక సర్టిఫికెట్ అడగండి.